సున్తీ అయిన ఆరో రోజు: ఏది మానుతున్న గుర్తు, ఏది ప్రమాదపు గుర్తు

మీరు రాసిన సంగతులను ముందు క్లుప్తంగా చెప్పుకుని, తర్వాత ఒక్కొక్కదానికి జవాబు రాస్తాను. మీ వయసు 34 ఏళ్లు. ముందు చర్మం బిగుసుకుపోయి వెనక్కి జరగకపోవడంతో అక్కడికే మత్తు సూది ఇచ్చి సున్తీ చేశారు. ఈ రోజుకు ఆరో రోజు. కుట్ల వరుసకూ శిశ్నాగ్రానికీ మధ్య చర్మం ఉంగరం తొడిగినట్టు ఉబ్బి ఉంది. అడుగువైపు పసుపుపచ్చని పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంది. ఒక కుట్టు ఊడి, అక్కడ సన్నటి సందు కనిపిస్తోంది. తెల్లవారుజామున అంగం గట్టిపడి, కుట్లు లాగి, నొప్పితో మెలకువ వస్తోంది. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక, మళ్లీ ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటపడి, రోజుకు పదిసార్లు మీరే చూసుకుంటున్నారు, చూసినప్పుడల్లా మరింత భయపడుతున్నారు. పనికి ఎప్పుడు వెళ్లవచ్చు, భార్యతో ఎప్పుడు కలవవచ్చు అన్నవి మీ చివరి రెండు ప్రశ్నలు.

నేను 20 ఏళ్లకు పైగా శస్త్రచికిత్స విభాగంలో డ్రెస్సింగ్ గదిలో పనిచేస్తున్నాను. పెద్దవారికి చేసిన సున్తీ గాయాలను మొదటి రోజు నుంచి పూర్తిగా మానేదాకా ఎన్నో చూశాను. మీరు వర్ణించిన నాలుగూ ఆరో రోజు గాయంలో తరచుగా కనిపించేవే. అయితే నేను మీ గాయాన్ని కళ్లతో చూడలేదు కనుక, ఊడిన కుట్టును రేపో ఎల్లుండో ఒకసారి ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించుకోండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అక్కడున్నవారికి అది చేతి మీద గాయం లాంటిదే, అంతకంటే వేరుగా వారు చూడరు. ఇంకొక్క మాట మొదటే చెప్పాలి. ఈ గాయాన్ని ఏదో ఒక్క పూట చూసి బాగుందనో బాగాలేదనో తేల్చుకోకూడదు. నిన్నటి కంటే వాపు, నొప్పి, ఎరుపు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. రోజుకు పదిసార్లు చూసుకునేవారికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఉదయం కడుక్కునేటప్పుడు ఒక్కసారి, మంచి వెలుతురులో, ఆదరాబాదరా లేకుండా చూసుకోండి, అది చాలు.

ముందుగా వాపు సంగతి. ముందు చర్మాన్ని తీసివేసేటప్పుడు రక్తనాళాలతో పాటు, కణజాలంలో పేరుకున్న నీటిని వెనక్కి తీసుకుపోయే సన్నటి శోషరస నాళాలు కూడా చుట్టూ తెగిపోతాయి. రక్తనాళాలను డాక్టరు కట్టివేస్తారు గాని, ఈ నాళాలు తమంతట తాము కొత్తగా దారి చేసుకోవాలి. అప్పటివరకు కుట్ల వరుసకు ముందున్న మెత్తని చర్మంలో నీరు నిలిచి, ఆ చర్మం ఉంగరంలా, కొందరిలో చిన్న ట్యూబులా ఉబ్బుతుంది. ఇది మామూలుగా రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. అడుగువైపు, ముందు చర్మాన్ని శిశ్నాగ్రానికి కలిపే సన్నటి తీగలాంటి భాగం దగ్గర, వాపు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, అన్నిటికంటే ఆలస్యంగా తగ్గుతుంది. నీరు పల్లానికి చేరడం ఎంత సహజమో ఇదీ అంతే. పెద్ద వాపు రెండు మూడు వారాల్లో తగ్గినా, చేతికి మాత్రమే తెలిసే కొద్దిపాటి గట్టిదనం రెండు మూడు నెలలు మిగలవచ్చు.

ఈ వాపును తగ్గించడానికి మందుల కంటే ఎక్కువగా పనిచేసేది అంగాన్ని ఉంచే తీరు. కిందికి వేలాడనివ్వకుండా, పొట్టవైపు పైకి తిప్పి, శరీరానికి ఆనుకునేలా పట్టి ఉంచే లోదుస్తు వేసుకోండి. ఒరిపిడి తగలకుండా మధ్యలో ఒక మెత్తని గాజుగుడ్డ పెట్టుకోండి. వదులుగా ఉంటే గాలి ఆడుతుంది, త్వరగా మానుతుంది అనుకుని చాలామంది మొదటి వారమంతా వదులు బట్టలతో గడుపుతారు. అలా వేలాడుతూ, నడిచినప్పుడల్లా బట్టకు రాసుకుంటూ ఉండే అంగానికి వాపు తగ్గదు. పట్టి ఉంచడం వేరు, బిగించి కట్టడం వేరు. లోదుస్తు తీసినప్పుడు చర్మం మీద లోతైన గీత పడితే అది బిగుతు ఎక్కువైనట్టు.

ఇక పసుపుపచ్చని పొర. మీరు దీన్ని చీము అనుకున్నారు. దాదాపు ప్రతివారూ అలాగే అనుకుంటారు. మానుతున్న పుండు మీద రక్తంలోని ఫైబ్రిన్ అనే పదార్థం, రసి, రాలిపోయిన కణాలు కలిసి ఒక పొరగా ఏర్పడతాయి. పొడిగా ఉండే చర్మం మీదైతే అదే ఎండి పక్కు కడుతుంది. ఇక్కడి చర్మం తడిగా, కప్పి ఉండేది కావడంతో ఎండడానికి వీలులేక లేత పసుపు రంగులో జిగటగా అంటిపెట్టుకుని ఉంటుంది. నీళ్లు పోసినా కొట్టుకుపోదు, వేలితో లాగితే కింద నెత్తురు చిమ్ముతుంది. దాని కింద కొత్త కండ పడుతోంది కనుక దాన్ని గీకవద్దు. చీము అలా ఉండదు. చీము ద్రవంగా ఉంటుంది. నొక్కితే కుట్ల మధ్య నుంచి బొట్టుగా పైకి వస్తుంది. తుడిచిన కొద్దిసేపటికే మళ్లీ చేరుతుంది, చాలాసార్లు దుర్వాసన వేస్తుంది. దాని చుట్టూ చర్మం ఎర్రగా, వేడిగా, ముట్టుకోలేనంత నొప్పిగా ఉంటుంది. మీరు రాసినదాంట్లో వేడి, దుర్వాసన, పెరుగుతున్న నొప్పి ఏవీ లేవు.

డ్రెస్సింగ్ విషయంలో నాకు బాగా గుర్తుండిపోయిన సంఘటన ఒకటి చెబుతాను. మూడో రోజున ఒకాయన వచ్చారు. లోపలి గాజుగుడ్డ నెత్తురుతో, రసితో ఎండిపోయి అట్టలా గట్టిపడి, కుట్లకు కరుచుకుపోయింది. ఇంట్లో లాగి చూసి, ప్రాణం పోయినంత పనైందని చెప్పి, బల్ల మీద పిడికిళ్లు బిగించి పడుకున్నారు. నేను ఆ గుడ్డను ముట్టుకోలేదు. గోరువెచ్చటి సెలైన్‌లో దూదిని ముంచి, బొట్టుబొట్టుగా దాని మీద పిండుతూ కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు ఏమీ మారలేదు. పది నిమిషాలకు అట్ట అంచులు మెత్తబడి, గోధుమ రంగు నీరు కిందికి జారింది. పావుగంటకు గుడ్డ ఒక పక్క నుంచి తనంతట తానే పైకి లేచింది. ఎప్పుడు తీస్తారని ఆయన అడిగేటప్పటికి అది ట్రేలో ఉంది. కుట్లలో ఒక్కటి కూడా కదలలేదు. ఇంట్లో చేసినా ఇదే పద్ధతి. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లతో, లేదా సెలైన్‌తో, గుడ్డ మెత్తబడేవరకు తడుపుతూ ఉండాలి. ఎంత సేపు పట్టినా సరే, పొడిగా ఉన్న గుడ్డను మాత్రం లాగకూడదు.

మొదటి డ్రెస్సింగ్‌ను సాధారణంగా 24 నుంచి 48 గంటలకు విప్పుతారు. కొందరు డాక్టర్లు ఎక్కువ రోజులు ఉండే ప్రత్యేకమైన కట్టు వేస్తారు కనుక మీ డాక్టరు చెప్పిన గడువునే పాటించాలి. మీ కట్టు ఇప్పటికే తీసేశారు కాబట్టి మీకు కావలసింది రోజువారీ శుభ్రత. రోజుకు ఒకటి రెండుసార్లు, ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చటి నీళ్లు ధారగా పోసుకోండి. వాసన లేని తేలికపాటి సబ్బు నురుగు పైనుంచి జారితే ఇబ్బంది లేదు గాని, గాయం మీద రుద్దవద్దు. తర్వాత శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్ది తడి ఆర్పండి. శిశ్నాగ్రం అంచు చుట్టూ ఉండే పల్లంలో తడి నిలవకుండా చూసుకోండి. ఆ తర్వాత కుట్ల మీద, శిశ్నాగ్రం మీద పలుచగా వ్యాజలిన్ రాసి, బట్టకు అంటుకోకుండా ఒక గాజుగుడ్డ పెట్టుకోండి. డాక్టరు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాసి ఉంటే వ్యాజలిన్‌కు బదులుగా అదే వాడండి. రెండు వారాలు దాటేవరకు తొట్టిలోగాని, కొలనులోగాని, ఈత కొట్టే నీళ్లలోగాని దిగవద్దు. పైనుంచి పారే నీరు గాయాన్ని కడుగుతుంది, నిలిచిన నీరు కుట్లను నానబెట్టి మెత్తబరుస్తుంది.

రాయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన చెడిపోయిన గాయాల్లో చాలావరకు ఏదో ఒకటి ఎక్కువగా రాయడం వల్ల చెడినవే. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని క్రిమిసంహారక ద్రావణాలు క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపుతాయి. మంట పుట్టింది కనుక పనిచేస్తోందని అనుకోవడం పొరపాటు. ఆకు పసర్లు, పొడులు, బూడిద వంటివి పచ్చి పుండులోకి క్రిములను మోసుకువెళ్తాయి. ధనుర్వాతం వచ్చే దారి కూడా అదే. మీరు ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే, రేపు వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.

ఊడిన కుట్టు గురించి. పెద్దవారికి వేసేవి ఎక్కువగా కరిగిపోయే కుట్లే. అవి రెండు నుంచి నాలుగు వారాల్లో ఒక్కొక్కటిగా మెత్తబడి, తెగి, స్నానంలోనో బట్టలకు అంటుకునో రాలిపోతాయి. ఆరో రోజుకే ఒకటి ఊడడం కొంచెం తొందరే గాని అరుదైనది కాదు. చుట్టూ ఉన్న మిగతా కుట్లు గట్టిగా ఉండి, సందు కొద్ది మిల్లీమీటర్ల వెడల్పే ఉంటే, డాక్టర్లు సాధారణంగా మళ్లీ కుట్టరు. ఆ ఖాళీ అడుగు నుంచి ఎర్రటి కొత్త కండతో నిండుకుని, పక్కల నుంచి చర్మం పాకి మూసుకుంటుంది. మిగతా వరుస కంటే ఒకటి రెండు వారాలు ఆలస్యం అవుతుంది, అంతే. సందు సెంటీమీటరు దాటినా, రోజురోజుకూ పొడవు పెరిగినా, లోపలి నుంచి తాజా నెత్తురు వస్తున్నా ఆగకుండా వెళ్లాలి. వేలాడుతున్న దారపు కొసను పీకవద్దు, కత్తిరించవద్దు. పైకి వదులుగా కనిపించిన దారం లోపల ఇంకా పట్టు వదలకపోవచ్చు. నాలుగు వారాలు గడిచినా రాలని కుట్టు ఉంటే చూపించుకోండి. అది ఎక్కువ కాలం ఉండిపోతే దాని చుట్టూ చర్మం పెరిగి, చిన్న సొరంగం లాంటి రంధ్రం మిగులుతుంది.

సున్తీని కుట్లతో కాకుండా స్టాప్లర్‌తోనో ప్లాస్టిక్ రింగుతోనో చేసి ఉంటే లెక్క కొంచెం మారుతుంది. స్టాప్లర్ పిన్నులు కొన్ని వారాల పాటు ఒక్కొక్కటిగా రాలుతాయి. రాలనివాటిని డాక్టరే తీయాలి. రింగును మామూలుగా వారం తర్వాత ఆసుపత్రిలో తీస్తారు. దాన్ని ఇంట్లో తీసే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

తెల్లవారుజామున వచ్చే స్తంభన కామోద్రేకం వల్ల వచ్చేది కాదు. కలలు వచ్చే నిద్ర దశలో నాడీవ్యవస్థ తనంతట తానే చేసే పని అది. ఆరోగ్యవంతుడైన మగవాడికి రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు వస్తుంది. మామూలు రోజుల్లో నిద్రలో తెలియదు, ఇప్పుడు కుట్లు లాగుతున్నాయి కనుక తెలుస్తోంది. దీన్ని పూర్తిగా ఆపే ఉపాయం లేదు, ఆపవలసిన అవసరమూ లేదు. సరిగ్గా వేసిన కుట్లు ఈ లాగుడును తట్టుకుంటాయి. నొప్పి తగ్గించుకోవడానికి మాత్రం కొన్ని పనికొస్తాయి. పడుకునే రెండు గంటల ముందు నుంచి నీళ్లు తగ్గించి, పడుకునేముందు మూత్రానికి వెళ్లండి. మోకాళ్లు కొంచెం పొట్టవైపు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకోండి. మెలకువ రాగానే లేచి, మూత్రం పోసి, గదిలో నాలుగు అడుగులు వేయండి, నిమిషాల్లో తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే చల్లటి ప్యాకును గుడ్డలో చుట్టి, లోదుస్తు మీదుగా కొద్ది నిమిషాలు ఆనించవచ్చు. మంచుగడ్డను నేరుగా చర్మానికి తగిలించవద్దు. అక్కడ ఇంకా స్పర్శ సరిగా లేని చోట్లు ఉంటాయి, చర్మం చలికి కాలినా మీకు తెలియదు. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆరు వారాలపాటు స్తంభనకు సంబంధించిన మాత్రలేవీ వాడవద్దు. స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అది వేరే అత్యవసర స్థితి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

శిశ్నాగ్రం బట్ట తగిలినా జివ్వుమంటోందని మీరు పక్కమాటగా రాశారు. ఇన్నేళ్లు కప్పి ఉన్న చర్మం ఒక్కసారిగా బయటపడింది కనుక అలా ఉండడం సహజం. రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ కాలం పడుతుంది. అప్పటివరకు వ్యాజలిన్, మెత్తని నూలు లోదుస్తు చాలు. పలుచని పొరలు లేచిపోతూ, రంగు కొంచెం మారుతూ ఉంటే కంగారుపడకండి. బిగుసుకున్న చర్మాన్ని ఆపరేషన్‌లో శిశ్నాగ్రం నుంచి విడదీయవలసి వచ్చినవారిలో ఆ భాగం మొదటి వారం తోలు ఊడినట్టు ఎర్రగా, పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చి భాగం మాత్రం కుట్ల వరుసకు తగులుతూ ఉంటే రెండూ కలిసి అతుక్కుని, చర్మపు వంతెన లాంటిది ఏర్పడే అవకాశం ఉంది. వాపు వల్ల చర్మం ముందుకు జారి శిశ్నాగ్రం అంచును కప్పుతూ ఉంటే, రోజూ కడిగేటప్పుడు దాన్ని మెల్లగా వెనక్కి జరిపి, ఆ పల్లంలో వ్యాజలిన్ రాయండి. ఇది చిన్న పనే గాని, దీన్ని మరచినవారు నెలల తర్వాత ఆ వంతెనను కోయించుకోవడానికి మళ్లీ రావలసి వస్తుంది.

నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది. డాక్టరు రాసిన మోతాదులోనే, రోజు మొత్తం మీద 4 గ్రాములు మించకుండా వేసుకోండి. జలుబు, జ్వరం మాత్రల్లో కూడా అదే మందు కలిసి ఉంటుంది కనుక వాటినీ లెక్కలో వేసుకోవాలి. కాలేయపు జబ్బు ఉన్నవారికి, మద్యం తాగేవారికి హద్దు ఇంకా తక్కువ. సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవద్దు, నెత్తురు కారడం పెరుగుతుంది. గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నవారు మాత్రం వాటిని తమంతట తాము మానకూడదు, ఆ నిర్ణయం రాసిన డాక్టరుదే. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మూత్రం మొదట్లో చీలినట్టు, పక్కకు చిమ్మినట్టు రావడం వాపు వల్లే.

ఇప్పుడు ప్రమాదపు గుర్తులు, ఇవి శ్రద్ధగా చదవండి. కట్టు మీద, గుడ్డ మీద చిన్న చిన్న నెత్తుటి మరకలు మొదటి వారమంతా ఉండవచ్చు. బొట్లుబొట్లుగా ఆగకుండా కారుతుంటే, వెల్లకిలా పడుకుని, శుభ్రమైన గాజుగుడ్డను కారుతున్న చోట పెట్టి, వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. 15 నిమిషాలు గడియారం చూసుకుని నొక్కాలి, మధ్యలో ఆగిందేమోనని ఎత్తి చూడకూడదు. ఎత్తిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అలా చేసినా ఆగకపోతే నొక్కిపట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి. దారం, రబ్బరు బ్యాండు వంటివాటితో ఎప్పుడూ బిగించి కట్టకండి, అవి అంగానికి రక్తం అందకుండా చేస్తాయి. ఒకవైపున ఊదారంగు గడ్డ గంటగంటకూ పెరుగుతూ, చర్మం బిర్రబిగిసిపోతూ ఉంటే లోపల నెత్తురు చేరుతోందని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. శిశ్నాగ్రం నీలంగా లేదా నల్లగా, చల్లగా, స్పర్శ లేకుండా మారితే కట్టు ఉన్నట్లయితే వెంటనే వదులు చేసి, అంతే వేగంగా వెళ్లాలి. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరగడం, ఎరుపు అంగం మొదలువైపు పాకడం, చీము, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను దాటిన జ్వరం, చలి, ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు డాక్టరును కలవాలి. వృషణాల సంచి వైపో, మలద్వారం వైపో చర్మం త్వరత్వరగా నల్లబడుతూ, పైకి కనిపించేదానికి మించిన నొప్పి ఉంటే అర్ధరాత్రయినా ఆగవద్దు. ఇది అరుదే గాని, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ప్రాణాల మీదికి తెస్తుంది.

చక్కెర వ్యాధి మాట వచ్చింది కనుక మీరు అడగని ఒక ప్రశ్న నేను అడుగుతాను. చిన్నప్పటి నుంచి బాగానే జరుగుతూ వచ్చిన ముందు చర్మం ముప్పై ఏళ్లు దాటాక బిగుసుకుపోతే, దానికి కారణం తెలుసుకోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువైతే మూత్రంలోకి చేరి, ముందు చర్మం కింద ఫంగస్ పెరిగి, దురద పుట్టి, చర్మం పదే పదే పగిలి మానుతూ బిగుసుకుపోతుంది. కొందరికి చక్కెర వ్యాధి ఉన్నట్టు మొదట తెలిసేది ఇలాగే. ఆపరేషన్‌కు ముందు చక్కెర చూశారో లేదో, గత రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేశారో లేదో మీ కాగితాల్లో చూసుకోండి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారానే బయటికి పంపుతాయి కనుక, వాటిని వాడేవారికి ఈ ఫంగస్ బెడద ఎక్కువ. మీరు వాడుతుంటే మానేయకుండా డాక్టరుతో చెప్పండి. పొగ తాగే అలవాటుంటే కనీసం ఈ ఆరు వారాలు ఆపండి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, గాయానికి అందవలసిన రక్తం అందదు.

పనికి వెళ్లడం మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. కూర్చుని చేసే పని అయితే మూడు రోజుల నుంచి వారం లోపల చాలామంది వెళ్లిపోతారు, మీరు ఈ వారాంతం తర్వాత వెళ్లవచ్చు. గంటకోసారి లేచి నడవండి. బరువులెత్తే పని, పరుగు, వ్యాయామం మూడు నాలుగు వారాలు ఆపాలి. సైకిలు, మోటారు సైకిలు వంటి, చెరోవైపు కాలు వేసి కూర్చునే వాహనాలు కూడా అప్పటివరకు వద్దు.

భార్యతో కలవడం గురించి అడిగినప్పుడు మీరు మూడు వారాలు చాలవా అన్నారు. చాలవు. దీనికి ఎందుకింత ఖచ్చితంగా చెబుతున్నానో వివరిస్తాను. గాయం పైకి మూసుకున్నంత మాత్రాన లోపల బలం రాదు. వారం రోజుల గాయానికి మామూలు చర్మపు బలంలో నూటికి ఐదు వంతులు కూడా ఉండదు. మూడు వారాలకు 20 నుంచి 30 వంతులు మాత్రమే వస్తుంది. మూడు నెలలకు 80 వంతుల దాకా చేరి అక్కడే ఆగుతుంది. మూడో వారానికి నొప్పి పోతుంది, వాపు తగ్గుతుంది, కుట్లు రాలిపోతాయి, అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో గాయాన్ని పట్టి ఉంచే దారాలూ ఉండవు, చర్మానికి సొంత బలమూ రాదు. 18వ రోజున అలా తెగిపోయి వచ్చిన ఒకాయన గాయాన్ని నేను కడిగాను. కుట్ల వరుస సగం చుట్టూ నోరు తెరిచి ఉంది. మళ్లీ కుట్టడానికి అంచులు పనికిరాకపోవడంతో, అది అడుగు నుంచి నిండి మానడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. ఆయన ఏడుస్తూ అన్న మాట ఒకటే, నొప్పి లేదు కదా అనుకున్నాను అని.

కాబట్టి ఆరు వారాలు ఆగండి. హస్తప్రయోగానికి కూడా ఇదే నియమం, కుట్ల మీద పడే లాగుడులో తేడా లేదు. ఈ ఆరు వారాల గడువు ఊరికే పెట్టినది కాదు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన పరీక్షల్లో, స్త్రీల నుంచి పురుషులకు హెచ్.ఐ.వి. సోకే ముప్పును సున్తీ దాదాపు 60 శాతం తగ్గిస్తుందని తేలిన తర్వాత, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసినప్పుడు కూడా పుండు పూర్తిగా మానేదాకా, కనీసం ఆరు వారాలు, కలయిక వద్దనే చెప్పింది. మానని పుండు క్రిములకు తెరిచిన తలుపు, అప్పుడు ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. ఊడిన కుట్టు వల్ల మీకు మానుదల ఆలస్యమైతే ఆరు వారాలు కూడా ఎనిమిది కావచ్చు. పచ్చి చోటు ఒక్కటి కూడా లేకుండా, నొక్కినా నొప్పి లేకుండా ఉండాలి. మొదట్లో కండోమ్, దానితో పాటు నీటితో తయారైన లూబ్రికెంట్ వాడితే కొత్త చర్మం మీద ఒరిపిడి తగ్గుతుంది. వ్యాజలిన్ కండోమ్‌ను పాడుచేస్తుంది కనుక రెండూ కలిపి వాడకూడదు. ఈ విషయాన్ని మీ భార్యతో ఈ రోజే చెప్పండి. ఎందుకు దూరంగా ఉంటున్నారో తెలియక ఆమె పడే ఆందోళన కూడా ఈ గాయంతో వచ్చిన బాధే.

చివరగా, తీసివేసిన చర్మాన్ని పరీక్షకు పంపారా అన్నది కనుక్కోండి. పెద్దవారిలో ముందు చర్మం బిగుసుకోవడానికి లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఒక ముఖ్య కారణం. చర్మం తెల్లబారి, గట్టిపడి, అంచు తెల్లటి ఉంగరంలా మారడం దాని గుర్తు. ముందు చర్మం తీసివేయడంతో చాలామందికి అది తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం శిశ్నాగ్రం మీదికి, మూత్రం వచ్చే రంధ్రం దాకా వ్యాపించి, ఆ రంధ్రాన్ని సన్నబరుస్తుంది. అందుకని వాపు పూర్తిగా తగ్గాక కూడా మూత్రం ధార సన్నగానే వస్తున్నా, పోయడానికి ముక్కవలసి వస్తున్నా, కొత్తగా తెల్ల మచ్చలు కనిపించినా, గాయం బాగా మానిందని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి. రేపు వెళ్లినప్పుడు ఆ రిపోర్టు వచ్చిందా అని అడిగి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఊడిన కుట్టు గురించి డాక్టరు ఏమన్నారో, సందు ఎంత ఉందో కొలిచి చెప్పారేమో కూడా నాకు రాయండి.